మా బావకి వాసనలు పోయిన ఏడు

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త ఇవతల మా బావ కొట్టు ఉండేది. నా మేనత్త కొడుకు గనక పెళ్ళికి ముందు బావ అని పిలిచేదాన్ని. పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపే నిలిచిపోయింది. కొట్టు ముందు భాగంలో గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు ఉండేవి. కాని దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు వాటికోసం వచ్చేవాళ్ళు కాదు. వెనకాల అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన సెంటు సీసాల కోసం వచ్చేవాళ్ళు.

అరవైల చివరి సంవత్సరాలవి. పై దేశాల సెంట్లు విశాఖపట్నం రేవులో దిగి, ఒక దళారీ చేతుల మీదుగా మా కొట్టుకి చేరేవి. వాటి మీద రాసి ఉన్న పేర్లకి ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందుకని జనం సీసాని బట్టి పేర్లు పెట్టేశారు. నీలం సీసా, చదరం సీసా, నాచు సీసా, ఓడబొమ్మ సీసా. పెళ్ళి కుదిరిన ఇంటివాళ్ళు నీలం సీసా అడిగేవారు. కాలేజీ మేష్టార్లు, ఓవర్సీర్లు ఓడబొమ్మ సీసా తీసుకునేవారు. చదరం సీసా కొనేవాళ్ళు అరుదు. నాచు సీసా అడిగేవాళ్ళు మరీ అరుదు.

బావ పడుచుతనంలో గంజాం వైపు మొగలి అత్తరు తీసే బట్టీల దగ్గర కొన్నేళ్ళు పనిచేశాడు. సముద్రపు ఒడ్డు మొగలి పొదల్లోంచి కోసుకొచ్చిన పొత్తుల్ని రాగి డేగిసాల్లో వేసి ఉడికిస్తే ఆవిరిలోంచి అత్తరు దిగేది. అక్కడే ముక్కు సానబట్టుకుందని చెప్పేవాడు. ఎవరైనా ఆడవాళ్ళు కొట్లో సీసా మూత తీసి వాసన చూసి, వెంటనే "ఇది కట్టెయ్యి" అంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఉండమ్మా. సెంటుకి ఒక్క వాసనుండదు. పూసిన ఎంటనే వచ్చీది ఒకటి, గంట పోయాక వచ్చీది ఒకటి, సాయంత్రానికి సీర మీద మిగిలీది ఒకటి. మొదటిదాన్ని సూసి కొనీకు. ఆఖరుదే నీతో కాపరం సేస్తాది. బజారు పని సూసుకోని మళ్ళీ రా, అప్పుడు సెప్పు" అని వాళ్ళ చేతి మీద చుక్క పెట్టి పంపేసేవాడు.

తిరిగి వచ్చేవాళ్ళు తప్పకుండా కొనేవాళ్ళు. తిరిగి రాకపోయినా బావకి బెంగ ఉండేది కాదు.

నేను ఎచ్చెర్ల దగ్గర పల్లెలో పుట్టాను. వేరుశనగ చేలు, గోగునార నానబెట్టిన గుంటలు, ఎండాకాలం తాటిముంజలు. అంతే నాకు తెలిసిన లోకం. పెళ్ళయిన కొత్తలో బావ సెంటు అద్దిన కాగితం ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి వచ్చేవాడు. నా ముక్కు దగ్గర పెట్టి, "ఏటిది సెప్పు?" అనేవాడు.

"బాగుంది బావా."

"బాగుంటాది సరే. ఏటి వాసనొస్తంది?"

"సెంటు వాసన."

ఆ మాటకి పడీ పడీ నవ్వేవాడు. "గోగు కంపులో పెరిగిన ముక్కే నీది, దానికేటి తెలస్తాది!" అని నా ముక్కు పట్టుకుని ఊపేవాడు. మా అత్త లోపల్నుంచి, "ఆ పిల్లనొగ్గేసి అన్నానికి రారా" అని కేకేసేది. అత్త అంటే నాకు అసలు అత్తే, మా నాన్న అప్పచెల్లెలు. ఇంట్లో మేం ముగ్గురం. తరవాత మాకు ఆడపిల్ల పుట్టింది.

పిల్లకి ఇంకా బోర్లా పడటం రాని రోజుల్లో, చలికాలం చివర ఊరంతా జ్వరాలు కమ్ముకున్నాయి. మా వీధిలో దగ్గని ఇల్లు లేదు. అత్తకి వచ్చి తగ్గింది. నాకు వచ్చి తగ్గింది. బావకి వచ్చింది మాత్రం అంత తొందరగా వదల్లేదు. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. కొట్లోంచి కొలోను సీసా తెచ్చి, నీళ్ళలో నాలుగు చుక్కలు వేసి, గుడ్డ తడిపి నుదుటి మీద వేసేదాన్ని. నిమ్మతొక్క నలిపితే వచ్చే వాసన దానిది. గదిలో జ్వరం కంపుని కాసేపు తరిమేది.

జ్వరం దిగిన ఉదయం కూడా అలాగే గుడ్డ వేశాను. బావ కళ్ళు తెరిచి నా వంక చూసి, "ఉత్త నీళ్ళేసినావేటే? కొలోను అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోలేదు. ఏసినాను కదా."

"ఏసినావా?"

గుడ్డ తీసి ముక్కు మీద పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. లేచి కూర్చుని సీసా తెమ్మన్నాడు. మూత తీసి ఒక ముక్కు మూసి, ఇంకో ముక్కు మూసి చూశాడు. చేతిలో ఒంపుకుని మొహానికి రాసుకున్నాడు. "సల్లగా తగుల్తంది. అంతే" అన్నాడు. ఆ గొంతులో నేను అంతకు ముందెప్పుడూ వినని మెత్తదనం ఉంది. అత్త వంటింట్లోంచి ఇంగువ డబ్బా, వెల్లుల్లి, కర్పూరం ఒక్కొక్కటే తెచ్చింది. బావ ఒక్కొక్కటే వాసన చూసి పక్కన పెట్టాడు. చివరికి నా చేతుల్లోంచి పిల్లని తీసుకుని, దాని మెడ దగ్గర మొహం పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పిల్లని నాకిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జలుబు తగ్గితే అదే వస్తుందనుకున్నాం. జలుబు తగ్గింది. వాసన రాలేదు. వాము వేసి ఆవిరి పట్టాం. శొంఠి అరగదీసి పట్టు వేశాం. అత్త ఎవరో చెప్పారని నస్యం పట్టించింది. తుమ్మి తుమ్మి కళ్ళెర్రబడ్డాయి గాని లాభం లేకపోయింది. పెద్దాసుపత్రి డాక్టరుగారు ముక్కులో లైటు వేసి చూసి, "జ్వరానికి లోపల వాసన పట్టే నరం దెబ్బతింది. దీనికి మందు లేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టాలి" అన్నారు.

బయటికి వచ్చాక బావ మెట్ల మీద కూలబడ్డాడు. "నరం దెబ్బతింటే చెయ్యి పడిపోతాది, కాలు పడిపోతాది. నాకు ముక్కు పడిపోయిందే" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దన్నాడు. సెంటు అమ్మేవాడికి వాసన తెలియదని తెలిస్తే ఎవరు వస్తారు? రోజూ కొట్టు తలుపులు తియ్యగానే బీరువాలోని సీసాలన్నీ ఒకదాని తరవాత ఒకటి తెరిచి చూసుకునేవాడు. ఈ రోజు వస్తుందేమో, ఈ సీసాకి వస్తుందేమో అని. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మనిషి మొహం చూస్తే రాలేదని తెలిసిపోయేది. అన్నంలో పులుపు, ఉప్పు, కారం తెలిసేవి. ఉత్త పులుసుకీ చేపల పులుసుకీ తేడా తెలిసేది కాదు. చిక్కిపోయాడు.

రేవు దళారీ వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. అతను తెచ్చిన సరుకులో మంచిది ఏదో, కల్తీది ఏదో బావ ఎప్పుడూ ముక్కుతోనే తేల్చేవాడు. ఇప్పుడు ఎలా? ఒక మధ్యాహ్నం నాలుగు సీసాలూ ఇంటికి తెచ్చి నా ముందు పెట్టాడు.

"నువ్వు నేర్సుకోవాలే."

"నాకేటి తెలస్తాది బావా? గోగు కంపు ముక్కన్నావు కదా."

"నవ్వులాటకన్నాను. ముక్కు అందరికీ ఒక్కటే. మాటే లేదు నీకు. వాసనకి మాట కట్టడం నేర్సుకో. నానడుగుతాను, నువ్వు సెప్పు."

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటాయి. ఇద్దరం పెరటివైపు అరుగు మీద కూర్చునేవాళ్ళం. కాగితం ముక్క మీద చుక్క వేసి నాకిచ్చేవాడు. తను ఖాళీ చేతులతో, కళ్ళు మూసుకుని, గుర్తున్న వాసనలోంచి నన్ను నడిపించేవాడు.

ముందు నీలం సీసా. "తియ్యగా ఉంటాది. అయితే పంచదార తీపి కాదు. దేనిది?"

నేను పీల్చి పీల్చి, "పౌడరు పూసిన మన పిల్ల మెడలా ఉంది. కింద ఏదో... పాలు మరిగి దగ్గరపడినట్టు" అన్నాను.

"ఆఁ! అదే. పైన పువ్వు?"

"ఉంది. మన పువ్వు కాదు."

"కాదు. సల్లని దేశాల పువ్వది, మనకి పూయదు. నీలం సీసా మంచిదైతే ఆ పాల తీపి సాయంత్రం దాకా ఉండాల. కల్తీదైతే పువ్వు వచ్చి పోతాది, కింద ఏటీ ఉండదు."

తరవాత ఓడబొమ్మ సీసా. అది సులువు. లవంగం, దాల్చినచెక్క, పైన క్షవరం చేయించుకుని వచ్చిన మగవాడి చెంప. నాచు సీసా వాసన మొదట నాకు నచ్చలేదు. పైన పుల్లగా, చేదుగా నారింజ తొక్క. అది పోయాక వాన వెలిసిన తరవాత గోడ మీది పాకుడు, తడిసిన మాను బెరడు. తీపి ఎక్కడా లేదు. "ఇదెవలు కొంటారు బావా?" అంటే, "తీపికి మొహం మొత్తినోళ్ళు. వాళ్ళు ఒకసారి కొంటే మరింకో రకం కొనరు" అన్నాడు.

చదరం సీసా దగ్గర గొడవైంది. అది నాకు దొరికేది కాదు. గులాబీ అనుకుంటే గులాబీ కాదు, మల్లె అనుకుంటే మల్లె కాదు. రెండూ కలిసిపోయి ఏదీ కాకుండా ఉన్నాయి. అది సరే, వాటికంటే ముందు వచ్చేది ఏమిటో చెప్పలేకపోయాను.

"సరిగ్గా పీల్సు!"

"పీలుస్తన్నాను. శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా అంటే? అదేటి మాట? సబ్బా? నీళ్ళా? ఎండా?" బావ గొంతు పెంచాడు. "నాకు గుర్తున్నాది జారిపోతన్నాదే! ఇన్నాళ్ళూ మనసులో పట్టుకున్నాను. రోజుకింత పోతన్నాది. నువ్వు బేగి సెప్పకపోతే అదీ పోతాది. సెప్పు!"

పిల్ల ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. అత్త వచ్చి తీసుకుపోయింది. నేను కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ కాగితం ముక్కుకి ఆనించాను. "గంజి పెట్టిన చీర మీద ఇస్త్రీ పెట్టె పెడితే వచ్చే ఆవిరి" అన్నాను మెల్లిగా. "ఇంకా... కొవ్వొత్తి ఆర్పినప్పుడు ఒక్క చిటికె సేపు వస్తాది సూడు, ఆ వాసన."

బావ కళ్ళు మూసుకునే ఉన్నాడు. రెప్పల కిందనుంచి నీళ్ళు దిగాయి. "అదే" అన్నాడు. "అదేనే. ఇంకోసారి సెప్పు." నేను ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. అలా చాలాసార్లు చెప్పించుకున్నాడు.

దళారీ వచ్చిన రోజు నేను కొట్టు వెనక తెర చాటున కూర్చున్నాను. ఆ రోజుల్లో మా ఇళ్ళ ఆడవాళ్ళు కొట్లో కూర్చునేవాళ్ళు కాదు. బావ కాగితం మీద చుక్క వేసుకుని, మంచినీళ్ళు తాగే వంకన లోపలికి వచ్చి నాకిస్తే, నేను తలాడించో అడ్డంగా ఊపో చెప్పాలి. సాయంత్రం దాకా ఆగి చూడనిదే నాకు నమ్మకం కుదరదని ముందే అన్నాను. దళారీని ఎలాగో ఆపుతానన్నాడు.

దళారీ చెడ్డవాడు కాదు. చాలాకాలంగా వస్తున్న మనిషి. కాని వ్యాపారం చేసేవాడు గదా, అనుమానం పడ్డాడు.

"అన్నా, ఒక్క పీల్పుకి సెప్పీసీవోడివి. ఈయాల నీళ్ళకని నాలుగుసార్లు లోపలికెళ్ళినావు. సాయంత్రం దాకా ఉండమంటన్నావు. ఏటైనాది నీకు?"

"ఏటీ అవనేదు. ఒంట్లో నలతగా ఉంది."

తెర సందులోంచి నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. బావ అటు తిరిగి సీసా సర్దుతున్నప్పుడు దళారీ బల్ల మీది గ్లాసులోని మంచినీళ్ళలో ఒక కాగితం ముక్క ముంచాడు. గాలికి ఊపి, బావ చేతికిచ్చాడు. "ఇది సూడన్నా. సదరం సీసాలో కొత్తగా వచ్చినాది."

అరుద్దామనుకున్నాను, అరిస్తే గుట్టంతా బయటపడుతుంది. బావ ఆ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని, నిదానంగా పీల్చాడు. దూరం పెట్టి మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. "మంచి సరుకే. ఎప్పట్లాగే ఉంది" అన్నాడు.

దళారీ నవ్వలేదు. అతని మొహం నల్లబడిపోయింది. "నీళ్ళన్నా అవి" అన్నాడు, నేల చూస్తూ. "నానేదో పరాసికానికి సేసినాను. తప్పైపోయింది." తెచ్చిన సీసాలన్నీ సంచిలో పెట్టేసుకున్నాడు. వాసన తెలియని మనిషికి సరుకు అంటగట్టడానికి మనసొప్పలేదేమో, ఒక్కటీ ఇవ్వకుండా, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తెర తీసుకుని నేను బయటికి వచ్చేసరికి బావ ఆ తడి కాగితాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడి ఉన్నాడు.

ఎవరు చెప్పారో, దళారీ అన్నాడో పక్క కొట్టువాళ్ళు విన్నారో, బజారంతా తెలిసిపోయింది. ముక్కు పోయినవాడి సెంటు కొట్టు అన్నారు. కొన్న సీసాలు తిరిగి తెచ్చి, ఇది కల్తీదే అయుంటుందని పెట్టేసి పోయినవాళ్ళున్నారు. బావ వాళ్ళతో వాదించలేకపోయాడు. ఏం చెప్పి వాదిస్తాడు?

ఎండలు ముదిరాక ఒక ఉదయం నేను పెరట్లో మల్లెలు కోసుకుని జడలో పెట్టుకుని లోపలికి వచ్చాను. మంచం మీదున్న బావ దిగ్గున లేచాడు. "ఒసే! వాసనొస్తందే! ఏదో వస్తంది!"

అత్త చేతిలోని చెంబు కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. నేను ఆనందం పట్టలేక అతని దగ్గరికి వెళ్ళాను. వెళ్ళినకొద్దీ అతని మొహం మారిపోయింది. ముక్కు మూసుకున్నాడు. "ఏటిది? ఏటి కాల్తంది? గోగు గుంటలో రబ్బరు కాల్సినట్టు..." అంటూ నన్ను చేత్తో వెనక్కి నెట్టాడు. పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

పోయిన వాసన వచ్చింది. అయితే అన్నిటికీ ఒకటే వాసన వచ్చింది, కుళ్ళు కంపు. మల్లెలు కంపు, పోపు కంపు, ఉడుకుతున్న అన్నం కంపు, సబ్బు కంపు. సెంటు సీసాల బీరువా తెరిస్తే చచ్చిన ఎలుక ఉన్నట్టు ఉందన్నాడు. కొట్టుకి తాళం పెట్టేశాడు. వాసన లేనప్పుడు తిండి రుచి లేక తినలేదు, ఇప్పుడు ముద్ద నోటి దగ్గరికి తెస్తే కడుపు తిప్పేది. నేను తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఏమీ పూసుకోకుండా పక్కన కూర్చున్నా తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు. "నిన్నని కాదే, నా ముక్కే" అనేవాడు. తెలుసు నాకు. తెలిసినా ఏడుపొచ్చేది. మంచం వీధి అరుగు మీద వేయించుకున్నాడు. పిల్ల అప్పుడే పాకడం నేర్చింది. అరుగు దాకా పాకి అతని కాలు పట్టుకుంటే, ఊపిరి బిగబట్టి ఒక్క నిమిషం ఎత్తుకుని దించేసేవాడు. అది మళ్ళీ ఎత్తుకోమని చేతులు చాపేది. అతను లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు.

అత్త రాత్రి అన్నం మానేసి ఒంటిపూట ఉండసాగింది. అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. "కళ్ళిచ్చినోడు ముక్కియ్యడా?" అంది. ఒక ఆదివారం పిల్లతో సహా అందరం శ్రీకాకుళం బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని బావ తల బయటికి పెట్టి గాలి పీల్చుకుంటూ వచ్చాడు.

గుడి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. పూలదండలు, కర్పూరం, అగరొత్తులు, చెమట, నేతి దీపాలు. వరసలో ఇంకా ముందుకి జరగకముందే బావ రంగు మారిపోయింది. అత్త అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఒక్క సిటం ఓర్సుకోరా నాయనా, దర్శనం అయిపోతాది" అని బతిమాలింది. అతను చెయ్యి విదిలించుకుని జనాన్ని తోసుకుంటూ బయటికి పోయాడు. నేను పిల్లని అత్త చేతిలో పెట్టి వెనకాలే పరిగెత్తాను.

ఎక్కడా కనిపించలేదు. పూల దుకాణాల వైపు లేడు. బస్సులు ఆగే చోట లేడు. బావ తొడుక్కున్నది తెల్ల చొక్కా, ఎటు చూసినా తెల్ల చొక్కాలే. చివరికి జట్కాలు నిలబెట్టే చోట, గుర్రాల మధ్య, పేడ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇక్కడేటి బావా?"

"ఇక్కడ పరవానేదు. నాకు పూలూ పేడా ఒక్కటే అయిపోనాయే." మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. "అదిగో ఆ బస్సు వస్తన్నాది సూడు. దాని ముందుకెల్లిపోతే ఐపోతాదనిపిస్తంది. లోపల నానే కుళ్ళిపోతన్నానేమో. ఆ కంపు బయటిది కాదేమో, నాదేనేమో."

నేను అతని పక్కనే ఆ పేడలో కూర్చున్నాను. అతని భుజం దగ్గర, మెడ దగ్గర, జుట్టు దగ్గర వాసన చూశాను. జట్కావాళ్ళు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. "చెమట వాసనొస్తంది. ఎండలో నడిసిన మనిషి చెమట. ఇంకేటీ నేదు. నువ్వు కుళ్ళిపోనేదు బావా. ఆ నాలుగు సీసాలూ నాకు నేర్పినావు కదా, నాకు తెలస్తాది" అన్నాను. అంటూనే భోరున ఏడ్చాను. "నువ్వు బస్సు ముందుకెల్తే మరి నానెక్కడికెల్లాల?"

గుర్రం తోక ఆడిస్తుంటే బావ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "దాహవేస్తంది" అన్నాడు.

రోడ్డు పక్క కొబ్బరిబోండాం కొట్టించి తెచ్చాను. ముక్కు మూసుకుని మొదటి గుక్క తాగాడు. చెయ్యి తీశాడు. ఇంకో గుక్క తాగాడు. "దీనికి రావట్నేదే" అన్నాడు ఆశ్చర్యంగా. బోండాం మొత్తం తాగి, లోపలి లేత కొబ్బరి కూడా గీరించుకుని తిన్నాడు. వేడిగా ఉన్నవాటికీ ఘాటుగా ఉన్నవాటికీ కంపు ఎక్కువనీ, చల్లని చప్పటివాటికి తక్కువనీ ఆ రోజు తెలిసింది.

ఇంటికి తీసుకుపోలేదు. అత్తని, పిల్లని తీసుకుని అందరం ఎచ్చెర్ల వైపు మా పల్లెకి వెళ్ళిపోయాం. మా అమ్మకి జరిగింది చెబితే పొయ్యి పెరటి చివరికి మార్చేసింది. పోపు మానేసింది. బావకి చల్లారిన చోడి అంబలి, దోసకాయ ముక్కలు, తాటిముంజలు. మా నాన్న తెల్లారగానే ముంజకాయలు దింపించేవాడు. బావ తోటలో పాకలో పడుకునేవాడు. బతికాడు. అంతకంటే అప్పుడు మేం ఏదీ కోరుకోలేదు.

వానలు మొదలయ్యేవేళకి ఆ కంపు కొద్దికొద్దిగా పలచబడింది. ముందు నీళ్ళకి పోయింది, తరవాత అన్నానికి. పిల్లని ఎత్తుకుని తిప్పడం మొదలుపెట్టాడు. మేం విజయనగరం తిరిగొచ్చి కొట్టు తాళం తీశాం. బావ బీరువా ముందు నిలబడి నీలం సీసా, చదరం సీసా, నాచు సీసా, ఓడబొమ్మ సీసా చూశాడు. కంపు లేదు. కాని తేడా కూడా లేదు. "నాలుగూ ఒక్కటే. స్పిరిట్టు, ఏదో తీపి. అంతే" అని మూతలు పెట్టేశాడు. ఆ తరవాత ఏ సీసా తనకోసం తెరవలేదు.

కొట్లో నేను కూర్చోవలసి వచ్చింది. అత్త మొదట గొడవ పడింది, తరవాత తనే పిల్లని చూసుకుంటూ నన్ను పంపింది. వచ్చిన ఆడవాళ్ళ చేతి మీద చుక్క పెట్టి, బజారు తిరిగి రమ్మని పంపేదాన్ని. దళారీ మళ్ళీ వచ్చాడు, ఈసారి సాయంత్రం దాకా ఆగాడు. కొట్టు మునపట్లా నడిచిందని చెప్పలేను. మూతపడలేదు, అంతే. బావ గాజుల వైపు కూర్చునేవాడు. ఎవరైనా సెంటు గురించి అడిగితే నా వైపు చెయ్యి చూపించేవాడు. అలా చూపించినప్పుడల్లా అతని మొహంలోకి నేను చూసేదాన్ని కాదు.

ఆ వానాకాలంలోనే ఒక సాయంత్రం, ముసురు పట్టి ఉంది. కొట్టు కట్టేసి ఇంటికి వచ్చాం. నేను తడి చీర మార్చుకుంటుంటే వీధిలోంచి బావ కేక వినిపించింది.

"ఒసే, ఇలా రా! బేగి రా! ఎండు సేపలేపుతన్నారే!"

వెళ్ళి చూస్తే పక్కింటి ప్రహరీ పక్కన వానలో తడుస్తూ నిలబడ్డాడు. మొహం పైకెత్తి పీలుస్తున్నాడు. ఎండు చేపల వాసనంటే అతనికి పూర్వం గిట్టేది కాదు. ఆ వాసన వస్తే తలుపులు వేయించేవాడు.

"ఎలాగుంది బావా?" అన్నాను భయం భయంగా.

"కంపుగా ఉంది. ఎండు సేపల కంపే! సరిగ్గా ఎండు సేపల కంపే!"

పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగి చూసి, "ఏటి బాబూ, వాసనకి ఇబ్బందైపోతన్నాదా?" అంది, నొచ్చుకుంటూ. బావ రెండు చేతులూ గోడ మీద ఆనించి, "నేదమ్మా, కాసిన్ని ఎట్టవూ?" అని అడిగాడు. ఆవిడ ఆకులో పెట్టి ఇచ్చింది. వానలో నిలబడే, ముళ్ళు కూడా సరిగ్గా తియ్యకుండా, అతను తినేశాడు.